ఊఁ అనని కెమెరా

కృపానందం సారుకి మాట రాలేదంటే నరసరావుపేటలో ఎవరూ నమ్మరు. ఆయన ఎకనామిక్స్ క్లాసు జరుగుతుంటే పక్క గదిలో కెమిస్ట్రీ పిల్లలు తమ పాఠం గాలికొదిలేసి గోడకు చెవులు ఆనించిన రోజులున్నాయి. ఆ గొంతు అలాంటిది, ఆ చెప్పడం అలాంటిది. అటువంటి మనిషి ఆ సోమవారం స్టూడియోలో కుర్చీ అంచున కూర్చుని, కెమెరా వంక చూసి, "విద్యార్థులారా" అన్నారు. అంతే. ఆ తరవాత నోరు పెగల్లేదు. గొంతు సవరించుకున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, మంచినీళ్ళు తాగారు, మళ్ళీ "విద్యార్థులారా" అన్నారు. కెమెరా వెనక నిలబడిన యాస్మిన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు.

స్టూడియో అంటే ఏదో ఊహించుకునేరు. ఒకప్పుడు ఆటసామాన్లు పడేసిన కొట్టుగది అది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీకి పాత దుప్పటి కట్టి, దాన్నొక స్టూడియో చేసింది యాస్మినే. ఆమె ఆ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ లెక్చరర్. బస్టాండు వెనక బైకులు బాగుచేసే ముర్తుజా కూతురు. కాలేజీలో లెక్చరర్లందరికీ టెక్నాలజీ నేర్పించే పని ప్రిన్సిపాల్ అంకారావు గారు ఆమె నెత్తిన పెట్టారు. "చిన్నదానివి, ఓపికుంటది, నువ్వే చూసుకో" అన్నారు. ఓపిక ఉన్న మాట నిజమే. కాని ఫిజిక్స్ పేతురు సారు కొత్త స్మార్ట్ బోర్డు మీద మార్కర్ పెన్నుతో ఫార్ములాలు రాసేసి, పోవడం లేదని తడిగుడ్డ పెట్టి రుద్దుతుంటే, ఏ ఓపిక మాత్రం నిలుస్తుంది? తెలుగు శాంతి మేడానికి స్లైడు మీద అక్షరాలు గిరగిరా తిరుగుతూ రావడం నేర్పితే, పాపం ఆవిడ ఛందస్సు పాఠమంతా అలాగే తిప్పారు. పిల్లలకు కళ్ళు తిరిగాయి గాని గణాలు తెలియలేదు. అయినా అందరూ ఏదో ఒక దారిలో పడ్డారు. పడనిది కృపానందం సారు ఒక్కరే.

అసలు ఈ రికార్డింగుల తిప్పలన్నీ మిరపకాయ కోతల వల్ల వచ్చాయి. సంక్రాంతి దాటితే చాలు, బొల్లాపల్లి నుంచీ బెల్లంకొండ నుంచీ వచ్చే పిల్లలు సగానికి సగం క్లాసులో కనపడరు. కాయ ఎర్రబడితే ఇక ఆగదు, ఇంట్లో ఉన్న చేతులన్నీ చేలో ఉండాల్సిందే. ఏప్రిల్ దాకా వాళ్ళు రారు. ఏప్రిల్ కాగానే పరీక్షలు. ఎకనామిక్స్ గ్రూపులో ఈ కోతల పిల్లలే ఎక్కువ, తప్పేదీ వాళ్ళే. క్లాసుకు రాలేని వాళ్ళకు పాఠాన్నే ఫోనులో పంపిద్దామని యాస్మిన్ అంటే, అంకారావు గారు భేషన్నారు. అంతవరకు బాగానే ఉంది.

కృపానందం సారు కెమెరా ముందు బిగుసుకుపోయారన్న సంగతి కాలేజీ అంతా పొక్కాక, ఆ భేషన్న పెద్దమనిషే యాస్మిన్‌ని గదిలోకి పిలిచారు.

"చూడమ్మా, హైదరాబాదు కంపెనీ వాళ్ళు రెడీమేడ్ పాఠాలు చూపించారు. బొమ్మలూ, మ్యూజిక్కూ, అంతా జోరుగా ఉంది. కరస్పాండెంట్ గారికి నచ్చింది. శనివారం స్టాఫ్ కౌన్సిల్లో మీ సారు పాఠం ఒకటి చూపించు. బాగుంటే సరే. లేకపోతే ఎకనామిక్స్‌కి కంపెనీ పాఠాలే కొంటాం."

"మరి సారు?"

"ఎగ్జామినేషన్ బ్రాంచిలో కూర్చుంటారు. రిటైరయ్యేదాకా ప్రశాంతంగా హాల్‌టికెట్లు సర్దుకుంటారు. తప్పేముంది అందులో?"

తప్పేముందట! యాస్మిన్‌కి ఒళ్ళు మండిపోయింది. పాఠం చెప్పకుండా కృపానందం సారు బతకలేరని ఆ కాలేజీలో గోడలకు కూడా తెలుసు. పైగా యాస్మిన్ ఇక్కడే బీకాం కంప్యూటర్స్ చదివింది, ఎకనామిక్స్ చెప్పింది ఆయనే. ఇంటర్‌తో చాలించి ఇంట్లో కూర్చోమని చుట్టాలు పోరుతుంటే, ఈయనే షాపు దాకా నడిచొచ్చి, టైరు మీద కూర్చుని టీ తాగి, ముర్తుజాతో, "పిల్లని ఆపొద్దు ముర్తుజా, నా మాట విను" అన్నారు. ఆయన వల్ల లెక్చరరయిన పిల్ల ఇవాళ టెక్నాలజీ పేరు చెప్పి ఆయన్ని క్లాసులోంచి బయటికి నెడుతోంది. ఆ ఆలోచన వస్తేనే ఆమెకు అన్నం సయించలేదు.

మంగళవారం ఆమె ఒక ఉపాయం పన్నింది. పాఠం మొత్తం పెద్ద అక్షరాలతో తెర మీద కదిలేలా పెట్టి, చూసి చదవమంది. సారు చదివారు. పోలీసులు పంచనామా చదివినట్టు చదివారు. పైగా శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కడుతున్నారని రోడ్డు మీద ఎవరో మైకు పెట్టారు. సారు "డిమాండు" అన్నప్పుడల్లా బయట డప్పు మోగింది. రికార్డింగు విని యాస్మిన్ తల పట్టుకుంది.

"ఇది నేను కాదు గదమ్మాయ్," అన్నారు సారు నీరసంగా. "వదిలెయ్. నావల్ల కాదులే. ఆ హాల్‌టికెట్లేవో సర్దుకుంటా."

"అట్టా అనొద్దు సార్. క్లాసులో ఎట్టా చెప్తారో అట్టాగే చెప్పండి. కెమెరా లేదనుకోండి."

"ఉంది కాబట్టి కాదే నా బాధ. అది ఊఁ అనదేంది?"

యాస్మిన్ ఒక్క క్షణం తెల్లమొహం వేసింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అయ్యో, ఇన్నాళ్ళూ ఆ బెంచీల మీద కూర్చుని, ఈ సంగతి ఎలా మర్చిపోయింది!

సారు క్లాసుకి ఒక పద్ధతుంది. పక్కలో పడుకోబెట్టుకుని అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టాలి కదా, కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది కదా, అచ్చం అదే పద్ధతి. సారు ఒక ముక్క చెప్పి, తల ఓ పక్కకు వంచి, "ఊఁ?" అంటారు. క్లాసంతా "ఊఁ" అనాలి. ఆ ఊఁ వినే ఆయనకు అన్నీ తెలిసిపోతాయి. నిద్రమత్తు ఊఁ ఏదో, సినిమా సంగతులు చెప్పుకుంటూ పడేసే దొంగ ఊఁ ఏదో, అర్థం కాక నసిగే ఊఁ ఏదో. "మూడో బెంచీ, మీ ఊఁలో పస లేదు" అని మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకునేవారు. బుర్రలో దీపం వెలిగినప్పుడు వచ్చే ఊఁ వేరు. అది వినపడ్డాకే ముందుకు కదిలేవారు. అలాంటి మనిషిని చడీచప్పుడూ లేని గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడమంటే ఎలా మాట్లాడతారు?

"నేనంటా సార్ ఊఁ," అంది యాస్మిన్, వెంటనే కుర్చీ లాక్కుని కెమెరా పక్కన కూర్చుంటూ.

సారు మొదలుపెట్టారు. ఆమె ఊఁ అంది. ఇంకో ముక్క చెప్పారు. ఆమె మళ్ళీ ఊఁ అంది. మూడోసారికి ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"నీది దొంగ ఊఁ అమ్మాయ్. నీకు ఈ పాఠం ముందే వచ్చు. నేను చెప్పబొయ్యే ముక్కకి కూడా ముందే తలూపుతన్నావు. తెలియనోళ్ళు కావాలి. తెలియకపోతే తెలియలేదని మొహం మీద చెప్పేవాళ్ళు కావాలి."

తెలియని వాళ్ళు, మొహం మీద చెప్పేవాళ్ళు. కాలేజీలో ఈ రెండూ కలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ పేరు తలుచుకోగానే యాస్మిన్ గుండె జారిపోయింది.

జువాలజీ అన్నపూర్ణ మేడం. ఆవిడా కృపానందం సారూ మాట్లాడుకుని ఏళ్ళు గడిచాయి. కారణం ఒక పాము. అప్పట్లో ఎకనామిక్స్ క్లాసుకి పిల్లలు ఎక్కువై చోటు చాలక, సారు పట్టుబట్టి జువాలజీ మ్యూజియం గది అడిగి తీసుకున్నారు. సీసాలన్నీ వరండాలోకి మార్చారు. ఆ మార్చడంలో మందులో నిలవ ఉంచిన నాగుపాము సీసా జారి పగిలిపోయింది. "ఉత్త పామే కదండీ, ఇంకోటి తెచ్చుకోండి, పల్నాట్లో పాములకు కరువా?" అన్నారట సారు. అంతే, ఆనాటి నుంచి ఆవిడ ఆయన ఉన్న వైపు మొహం కూడా తిప్పలేదు. స్టాఫ్ రూంలో ఆయన ఫ్యాను వేస్తే ఆవిడ లేచి బయటికెళ్ళేవారు.

యాస్మిన్ భయపడుతూనే వెళ్ళి విషయమంతా చెప్పింది. దాచకుండా హాల్‌టికెట్ల సంగతి కూడా చెప్పింది. అన్నపూర్ణ మేడం కప్పల చార్టు మడుస్తూ, మొహం మాడ్చుకుని విన్నారు.

"ఆయన్ని క్లాసు నుంచి తీసేస్తారా? ఎవరు చెప్పారు, అంకారావా?" అన్నారు చివరికి. "ఆయనంటే నాకు గిట్టదు, అది వేరే సంగతి. పాఠం చెప్పడం వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టి పిల్లలకి కార్టూన్లు చూపిస్తారంటా? పద, వస్తా. కాని ముందే చెప్తన్నా. నాకు అర్థం కాకపోతే ఊఁ అనను. మొహమాటానికి అసలే అనను."

"అదే కావాలి మేడం," అంది యాస్మిన్, ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే.

గురువారం మధ్యాహ్నం ముగ్గురూ స్టూడియోలో చేరారు. గదిలో ఉక్క. సారు దుప్పటి కట్టిన కిటికీ వంక చూస్తున్నారు, మేడం కోడిగుడ్ల అట్టల వంక చూస్తున్నారు.

"మొదలుపెట్టమని చెప్పమ్మా ఆయనకి," అన్నారు మేడం.

"సిద్ధమేనా అని అడుగమ్మాయ్ ఆవిడ్ని," అన్నారు సారు.

మధ్యన యాస్మిన్. ఏ ట్రైనింగులోనూ ఇది నేర్పలేదు. ఆమె ఎర్రలైటు వెలిగించి పక్కకు తప్పుకుంది.

"ఒక ఇల్లుంది," అన్నారు సారు, కెమెరా పక్కన కూర్చున్న మనిషి వైపు ఓరగా చూస్తూ. "ఆ ఇంట్లో ఒకావిడ పులుసు పెట్టబోతంది. టమాటా ధర చూస్తే ఆకాశంలో ఉంది. ఏం చేసిద్ది? మానేసి చింతపండు పిసికిద్ది. ఊఁ?"

అట్టల మీదున్న చూపు మెల్లగా ఇటు తిరిగింది. తరవాత, "ఊఁ" అన్నారు మేడం ముభావంగా.

"అదే ఉప్పు ధర పెరిగింది. ఉప్పు మానేసి చప్పిడి పులుసు పెట్టిద్దా? పెట్టదు. తిట్టుకుంటా కొంటది. ఎందుకని? టమాటాకి బదులు ఉంది, ఉప్పుకి బదులు లేదు. బదులున్న వస్తువు ధర పెరిగితే జనం జారుకుంటారు. బదులు లేనిదైతే ఎక్కడికీ పోలేరు. ధర కదిలినప్పుడు కొనేవాళ్ళు ఎంత కదులుతారో, దాన్నే మనం డిమాండు వ్యాకోచత్వం అంటాం. ఊఁ?"

"ఊహూఁ," అన్నారు మేడం.

"ఏం? ఎక్కడ అర్థం కాలా?" నేరుగా అడిగేశారు సారు. మధ్యవర్తి సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"మా ఇంట్లో ఆయన టమాటా లేకపోతే ముద్ద ముట్టడు. చింతపండు పులుసు పెడితే కంచం నెట్టేస్తాడు. ఆయనకి టమాటాకి బదులు లేనట్టేగా? మరి బదులనేది వస్తువులో ఉందా, మనిషిలో ఉందా? ముందది తేల్చండి."

వెనక బెంచీకి వినపడేలా ప్రశ్నను మళ్ళీ తన నోటితో చెప్పడం సారుకు అలవాటు. "బదులనేది వస్తువులో ఉందా, మనిషిలో ఉందా? మంచి ప్రశ్న," అన్నారు. అని, ఆగిపోయారు. యాస్మిన్ మళ్ళీ నోరు పెగలడం లేదేమోనని భయపడింది. కాని అది వేరే రకం ఆగడం. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఒకాయన ఉన్నాడు," అన్నారు మెల్లగా. "ఆయన వల్ల ఒకావిడ పాము సీసా పగిలింది. ఇంకో పాము తెచ్చుకోమన్నాడా పెద్దమనిషి. ఆయనకది ఉత్త పాము. ఊళ్ళో బోలెడన్ని పాములు, ఒకటి పోతే ఇంకొకటి. ఆవిడకి అట్టా కాదు. చదువుకునే రోజుల్లో తన చేతులతో శుభ్రం చేసి, మందు పోసి, మూత బిగించి పెట్టుకున్న మొట్టమొదటి సీసా అది. దానికి బదులు లేదు, రాదు. వస్తువు ఒకటే. ఆయనకి బదులుంది, ఆవిడకి లేదు. కాబట్టి బదులు మనిషిని బట్టి. ఆ ముక్క ఆయనకి ఆ రోజు తెలియలా. ఎకనామిక్స్ లెక్చరరై ఉండీ తెలియలా. ఊఁ?"

అన్నపూర్ణ మేడం చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. ఆ సీసా ఎవరిదో, ఎప్పటిదో ఈయనకు తెలుసని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

"ఊఁ," అన్నారు చివరికి.

ఆ తరవాత సారును ఆపడం ఎవరి తరమూ కాలేదు. కోల్డ్ స్టోరేజీలూ, మిరప యార్డూ, సినిమా టికెట్లూ అన్నీ వచ్చాయి. మేడం ఊఁ అన్నచోట ముందుకు పోయారు, ఊహూఁ అన్నచోట వెనక్కొచ్చారు. పాఠం అయ్యాక చూస్తే చొక్కా చెమటతో తడిసిపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. యాస్మిన్‌కి గంతులెయ్యాలనిపించింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అంకారావు గారు రెండు ముక్కలు విని చెయ్యి ఊపేశారు.

"మధ్యలో ఈ ఊఁ, ఊహూఁ ఏందమ్మా? ఇది పాఠమా, పంచాయితీనా? సారు గొంతు తప్ప ఇంకో గొంతు వినపడకూడదు. తీసెయ్."

యాస్మిన్ ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. శుక్రవారం పొద్దున కూర్చుని, మేడం గొంతు వినపడిన ప్రతిచోటా శబ్దం తీసేసింది. ఆ ముక్కలు పూర్తిగా కత్తిరిద్దామంటే సారు బొమ్మ కుర్చీలో ఎగిరెగిరి పడుతోంది. అందుకని బొమ్మ ఉంచి, శబ్దం మాత్రం చెరిపింది. ఇప్పుడు సారు తల వంచి "ఊఁ?" అంటారు, ఎటో చూస్తారు, ఎవరికోసమో ఆగుతారు. జవాబుండదు. మళ్ళీ తనే మొదలుపెడతారు. ఎవరూ లేని ఇంట్లో తలుపు కొడుతున్న మనిషిలా ఉన్నారు సారు. ఆ పాఠమే కోతల పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎలా ఉందో చెప్పమంది. ఒక్కరూ జవాబివ్వలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, బొల్లాపల్లి రోహిణికి ఫోను చేసింది. క్లాసులో గోడవారన కూర్చుని ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఆ రోహిణి.

"పాఠం విన్నావా అమ్మా? మధ్యమధ్యలో ఆ ఖాళీలు విసుగనిపించాయా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఖాళీలేంది మేడం?" అంది రోహిణి. "ఖాళీలేం లేవే!"

"అదేనమ్మా, సారు ఆగిపోతారే..."

"ఆగితే ఏంది మేడం? రేపు పొద్దున కోతలో మళ్ళా పెడతాం. రికార్డు చేసి పంపుతా, మీరే ఇనండి."

ఆ పిల్ల ఏమంటోందో యాస్మిన్‌కి బోధపడలేదు. శనివారం ఉసూరుమంటూ కాలేజీకి వచ్చింది. మీటింగుకి మెట్లెక్కుతుంటే ఫోను మోగింది. రోహిణి పంపిన రికార్డింగు. మెట్ల మీదే నిలబడి మొదలు కాస్త విని, ఆమె ఫోను గుప్పిట్లో గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.

లోపల కరస్పాండెంట్ గారు మధ్యలో కూర్చున్నారు. ఆయన కాలేజీకి పెద్దే కాదు, మాచర్ల వైపు మిరపతోటలున్న ఆసామి కూడా. ఒక పక్క కృపానందం సారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా తల వంచుకుని ఉన్నారు. అన్నపూర్ణ మేడం కావాలనే ఆయన పక్క కుర్చీలో కూర్చున్నారు. స్టాఫంతా అది చూసి ముక్కున వేలేసుకున్నారు.

తెర మీద పాఠం నడిచింది. మొదటి ఖాళీ రాగానే ఎవరో దగ్గారు. రెండో ఖాళీకి కరస్పాండెంట్ గారు వాచీ చూసుకున్నారు.

"నెట్ పోయినట్టు ఆగతంది," అన్నారు అంకారావు గారు. "పైగా ఈ పాము గోలేంది? కంపెనీ వాళ్ళ పాఠంలో అయితే ఎక్కడా గ్యాప్ ఉండదు సార్. గడగడా పోతది."

కృపానందం సారు లేచి నిలబడబోయారు. "నిజమే లెండి. నాకు..."

"కూర్చోండి సార్," అంది యాస్మిన్. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "ఈ పాఠం మనకోసం కాదు. ఎవరికోసం తీశామో వాళ్ళు ఎట్టా వింటన్నారో ఒకసారి వినండి." అని ఫోనును స్పీకరుకు కలిపింది.

ముందు గాలి చప్పుడు వినపడింది. ఆకుల గలగల. బుట్టలో కాయ పడుతున్న చప్పుడు. దూరంగా ట్రాక్టరు. కరస్పాండెంట్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆ చప్పుళ్ళు ఆయనకు బాగా తెలిసినవి. తరవాత, స్టీలు గిన్నెలో పెట్టిన ఫోనులోంచి ఖంగుమంటూ కృపానందం సారు గొంతు వచ్చింది.

"మానేసి చింతపండు పిసికిద్ది. ఊఁ?"

"ఊఁ!" అంది చేను.

ఒక గొంతు కాదు. సాళ్ళలో వరసగా నిలబడి కాయ కోస్తున్న ఆడవాళ్ళందరి గొంతులూ కలిసి వచ్చాయి.

"తిట్టుకుంటా కొంటది," అన్నారు గిన్నెలోని సారు.

"కొనక చస్తామా," అంది ఒక గొంతు. నవ్వులు. సారు ఇంకో ముక్క చెప్పి, "ఊఁ?" అన్నారు. చేను మళ్ళీ "ఊఁ" అంది. మొన్న యాస్మిన్ చెరిపేసిన చోట్లన్నీ నిండిపోతున్నాయి.

"బదులనేది వస్తువులో ఉందా, మనిషిలో ఉందా?"

"ఊహూఁ. ఆగమ్మే, నాకెక్కలా," అంది ఒక ముసలి గొంతు. పాఠం టక్కున ఆగింది. తరవాత వినపడింది రోహిణి గొంతు. క్లాసులో ఎవరూ ఎన్నడూ వినని గొంతు.

"పిన్నీ, పొద్దున నీకు వక్కపొడి అయిపోయింది గదా. సోంపు ఇచ్చారు, నములుతూ పనిచేశావా?"

"ఛీ, సోంపెవరికి కావాలే? వక్కపొడి లేందే నాకు చెయ్యాడదు."

"మరి మా అమ్మకి సోంపయినా ఒకటే, వక్కపొడయినా ఒకటే. వక్కపొడి ధర పెంచితే మా అమ్మ మానేసిద్ది, నువ్వు మాత్రం కొంటావు. సారు చెప్పేది అదే. బదులు మనిషిని బట్టి."

"ఓసినీ! అంతేనా?" అంది ముసలామె. "ఊఁ. పెట్టు పెట్టు, నిన్న మీరంతా చెప్పుకున్న ఆ పాము సంగతేందో ఇందాం."

పాము కథ వచ్చింది. ఆవిడకి బదులు లేదు, రాదు, అన్నారు సారు. ఆ ముక్క ఆయనకి ఆ రోజు తెలియలా, అన్నారు. "ఊఁ?" అని ఆగారు. అన్నిటికంటే పెద్ద ఖాళీ అది. చేలో ఎవరూ తొందరపడలేదు. ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి ముసలామె, "పాపం" అంది. ఆవిడ కోసమో, ఆయన కోసమో తెలియదు. ఆ తరవాత చేనంతా మెల్లగా "ఊఁ" అంది. అన్నపూర్ణ మేడం చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంకారావు గారు తనకు తెలియకుండానే "ఊఁ" అనేసి, ఎవరైనా చూశారేమోనని కంగారుగా అటూ ఇటూ చూశారు.

రికార్డింగు అయిపోయింది.

"నా చేలో కోతలప్పుడు నేనే వెళ్ళి అరిచినా ఒక్కళ్ళూ నోరు మూసుకోరు," అన్నారు కరస్పాండెంట్ గారు చివరికి. "అట్టాంటిది, పని ఆపకుండా పాఠం వింటన్నారు. అంకారావు గారూ, మీ కంపెనీ వాళ్ళ పాఠం గడగడా పోతది అన్నారే. మధ్యలో ఊఁ అనడానికి చోటుంటదా అందులో?"

"ఉండదు సార్," అన్నారు అంకారావు గారు. ఆ మాత్రం నిజాయితీ ఆయనకు ఉంది.

"అయితే వద్దులే. ఎకనామిక్స్ సారే చెప్తారు."

యాస్మిన్ కృపానందం సారు వంక చూసింది. ఆయనకు ఆ మాట చెవిన పడినట్టే లేదు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"ఆ రోహిణి క్లాసులో ఒక్కసారి కూడా ఊఁ అనలా అమ్మాయ్," అన్నారు. "ఆ పిల్లకి నా పాఠం ఎక్కడం లేదనుకున్నా. చూశావా, పాఠం చెప్తంది!"

సోమవారం మళ్ళీ స్టూడియో తెరిచారు. అన్నపూర్ణ మేడం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. "ఈ వారం ఈయన పాఠాలు కానియ్. వచ్చేవారం నా పాములవి తియ్యాలి," అన్నారు యాస్మిన్‌తో. తరవాత నేరుగా సారు వైపు తిరిగి, "మీరొచ్చి నా ఎదురుగా కూర్చోవాలి కృపానందం గారూ. దొంగ ఊఁలు కొడితే ఊరుకోను," అన్నారు.

"పాములంటే నాకు భయం మేడం."

"అందుకే రమ్మంటన్నా."

సారు నవ్వుకుంటూ కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చున్నారు. ఎర్రలైటు వెలిగింది. ఈసారి ఆయన మేడం వైపు తిరగలేదు. సూటిగా కెమెరాలోకి చూశారు. "విద్యార్థులారా" అని కూడా అనలేదు.

"ఏమ్మా రోహిణీ, పిన్ని వచ్చిందా కోతకి? వక్కపొడి ఉందా?" అన్నారు. "సరే వినండి. పోయిన పాఠంలో సినిమా టికెట్ల దగ్గర ఆగాం. ఊఁ?"

అని తల ఓ పక్కకు వంచి, ఆగారు. కొండల అవతల ఎక్కడో ఉన్న చేను జవాబు చెప్పేదాకా తీరిగ్గా ఆగారు. కెమెరా వెనక యాస్మిన్ కూడా ఆయనతో పాటు ఆగింది. ఈ ఖాళీని ఎవరు చెప్పినా కత్తిరించేది లేదని అప్పుడే గట్టిగా అనుకుంది.